ఐమో చూడని వెలుగు

డిసెంబరు మొదటి వారం, మంగళవారం ఉదయం ఆరు గంటలు. హిల్కా గంజి గిన్నెలు రెండూ బల్ల మీద పెట్టి ఒక్కోదాని మధ్యలో వెన్నముక్క వేసింది. ఐమో కిటికీ దగ్గర నిలబడి, అద్దం అవతల వేలాడుతున్న ఉష్ణమాపకం మీదికి టార్చి కొట్టి చూశాడు.

"ఎంతుంది?"

"ఇరవై నాలుగు."

మా వైపు చలికాలంలో సున్నాకి కింద అని విడిగా ఎవరూ చెప్పరు.

"ఇంజను వెచ్చబడటానికి బండికి కరెంటు తీగ తగిలించావా?"

"నాలుగింటికే తగిలించాను. ఇరవై రెండేళ్లుగా తగిలిస్తున్నాను, ఇరవై రెండేళ్లుగా అడుగుతున్నావు."

"నువ్వు మర్చిపోతావని కాదు. అడక్కపోతే నాకు తోచదు."

ఐమో నవ్వి గంజి ముందు కూర్చున్నాడు. నాలుగు చెంచాలు తిన్నాక, తల ఎత్తకుండానే అడిగాడు. "ఆ కేలండరు వాళ్ళకి ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు."

"అట్ట మీద వేస్తామన్నారు కదా. ఊరంతా గోడలకి తగిలించుకుంటారు. ఇచ్చెయ్యి."

"ఆ ఫొటోనా?" అంది హిల్కా.

ఐమో కాఫీ తాగేసి, టోపీ చెవుల మీదికి లాక్కుని లేచాడు. హిల్కా కూడా లేచి కోటు వేసుకుంది. ఏడు వారాలుగా ఆమె రోజూ అతనితో పాటు బయల్దేరుతోంది.

ఫిన్లాండు ఉత్తరపు కొసన ఉన్న మా హిర్విలంపిలో ఐమో బండి తెలియని వాళ్ళు లేరు. తొమ్మిదేళ్ల కిందట ఊరి బడి మూసేశారు. అప్పటి నుంచి పిల్లల్ని ముప్పై ఒక్క కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నం బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది ఐమో టాక్సీయే. హిల్కా ఆ మూసేసిన బళ్ళో వంట చేసేది. చివరి రోజున తల్లిదండ్రులంతా చందాలు వేసుకుని ఆమెకి ఒక కెమెరా కొనిచ్చారు. వంటమ్మకి కెమెరా ఏంటని హిల్కా మొదట నవ్వింది. తర్వాత కుక్కల్నీ, అడవి పండ్లనీ తీసింది. ఆ పైన ఆకాశం పట్టుకుంది.

ధ్రువకాంతులు మాకు కొత్త కాదు. నక్క తోకతో మంచుని చరిస్తే లేచిన నిప్పురవ్వలని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, అందుకే మేం వాటిని నక్కమంటలంటాం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా మబ్బు లేకపోతే చాలు, ఇంటి ముందు చెరువు మీద ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. చూసీ చూడనట్టు కట్టెలు మోసుకుని లోపలికి పోవడమే మాకు అలవాటు. హిల్కా మాత్రం యాభై ఏళ్ళు దాటాక వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూడటం మొదలుపెట్టింది. చలికి బ్యాటరీ తొందరగా చచ్చిపోతుందని ఇంకోటి రవికలో దాచుకుని, సాయంత్రం ఆరింటికల్లా చెరువు గట్టున మూడు కాళ్ళ స్టాండు పాతేది. బాగా వెలిగినప్పుడు ఇంటివైపు తిరిగి, "ఐమో, ఒక్కసారి వచ్చి చూడు," అని పిలిచేది. అతను వచ్చి, తల పైకెత్తి, "అబ్బ, చాలా బాగుంది," అని లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఈ అక్టోబరులో ఒక సాయంత్రం ఆమెకి ఫొటోలో ఒక మనిషి కావాలనిపించింది. కాంతుల కింద మనిషి నిలబడితే అవి ఎంత పెద్దవో తెలుస్తుంది. ఐమోని గట్టు మీద నిలబెట్టి, తలకి కట్టుకున్న దీపం ఆర్పేసి, "వెనక్కి తిరిగి చెరువు మీదికి చూడు. ఎనిమిది సెకన్లు కదలకు," అంది. ఐమో తిరిగాడు. కదల్లేదు. అయ్యాక, "అబ్బ, ఎంత వెలుగో," అన్నాడు.

ఇంట్లోకి వచ్చి ఆ ఫొటోని కంప్యూటరులో పెద్దది చేసి చూసింది హిల్కా. చెరువు మీద ఆకుపచ్చ వెలుగు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా మడతలు మడతలుగా జారుతోంది. దాని ముందు నల్లటి నీడలా ఐమో. టోపీ అంచు, ముక్కు, పైకెత్తిన గడ్డం స్పష్టంగా కనిపిస్తున్నాయి. ముక్కు కనిపించకూడదు కదా అనుకుంది ఆమె. చెరువు వైపు చూస్తే వీపు కనిపించాలి. అతను పక్కకి తిరిగి, కట్టెల కొట్టం మీద ఉన్న చీకటిని మైమరచి చూస్తున్నాడు.

"ఐమో, కొట్టం వైపు చూస్తున్నావేంటి?"

పొయ్యి దగ్గర మేజోళ్ళు విప్పుకుంటున్న ఐమో, "మెడ పట్టేసింది," అన్నాడు.

హిల్కా అతని వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఈమధ్య సాయంత్రాలు పేకాటకి వెళ్ళడం మానేశాడు. వాకిలి నుంచి ఆవిరి స్నానాల గది దాకా తాడు కట్టాడు, మంచు తుఫానులో పనికొస్తుందన్నాడు. తుఫాను లేని రోజున కూడా ఆ తాడు పట్టుకునే నడుస్తున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

ఒక మేజోడు చేతిలో, ఒకటి కాలికి. ఐమో చేతిలోదాన్ని సగానికి మడిచాడు. "మూడు చలికాలాలు."

"ఏమీ కనబడదా?"

"పగలు బాగానే ఉంటుంది. పేపరు చదువుతాను, సూదిలో దారం ఎక్కిస్తాను. చీకటి పడితే దీపం వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది. దాని పక్కన ఏదీ ఉండదు. గోడ కట్టేసినట్టు ఉంటుంది."

"రేచీకటి."

"పేర్లు పెట్టకు హిల్కా."

ఆ రాత్రి ఇద్దరూ గొడవ పడ్డారు. పిల్లలెక్కే బండి అది, రేపే మానెయ్యమని ఆమె అంది. మార్చి వస్తే పొద్దున్నే వెలుతురు వచ్చేస్తుంది, జూనుతో మునిసిపాలిటీ ఒప్పందం అయిపోతుంది, ఈ ఒక్క చలికాలం గడవనివ్వమని అతను అన్నాడు.

"దారి నాకు నోటికొచ్చు."

"దారి వచ్చు. దారి మీద నిలబడ్డ రెయిన్‌డీర్ వస్తుందా నోటికి?"

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో అతను ఆమెని ఏదీ బతిమాలి అడగలేదు. ఇప్పుడు మేజోడు చేత్తో నలుపుకుంటూ నేలవైపు చూస్తున్నాడు. హిల్కా మెత్తబడింది. "అయితే నేనూ వస్తాను. పక్కన కూర్చుని చెబుతాను," అంది.

అలా మొదలైంది. తెల్లవారుజాము ఆకాశాన్ని ఫొటో తీయడానికి వస్తున్నానని అందరికీ చెప్పింది. వాళ్ళ కూతురు సైమి బిడ్డ వెన్లా "అమ్మమ్మా" అంటుంది కాబట్టి బండిలో పిల్లలంతా ఆమెని అమ్మమ్మా అనే పిలిచేవాళ్ళు. ఆమె ముందు సీట్లో కూర్చుని మెల్లగా చెబుతూ ఉండేది. "కుడి పక్కన రెండు. ఆగాయి. ఎదర లారీ, దీపాలు తగ్గించు." రెండు వారాల్లో ఎంత అలవాటైపోయిందంటే, ఆమె నోరు తెరవకముందే అతని కాలు బ్రేకు మీదికి వెళ్ళేది. కొత్తగా పెళ్ళైనప్పుడు కూడా వాళ్ళు అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకోలేదు. తప్పని తెలిసిన పనిలోనే ఆమెకి ఒక సంతోషం దొరికింది. అది ఎవరికీ చెప్పుకోలేనిది.

ఆ మంగళవారం అక్కచెల్లెళ్ళు లైలా, ఇల్టా ఎక్కారు. తర్వాత పీటు ఎక్కాడు. మిగిలింది వెన్లా. సైమి ఇల్లు ఆరు కిలోమీటర్ల అవతల, రోడ్డు పక్కనే. వెన్లా ఎప్పుడూ పోస్టుపెట్టె దగ్గర నిలబడి ఉంటుంది.

"అమ్మమ్మా, పైన చూడు, పైన," అని వెనక నుంచి ఇల్టా అరిచింది.

అద్దంలోంచి చెట్ల తలల మీద ఆకాశమంతా కదులుతోంది. అంత పొద్దున్నే అంత వెలుగుని హిల్కా ఎన్నడూ చూడలేదు. ముందుకి వంగి తల పైకెత్తింది. ఒకటి, రెండు లెక్కపెట్టేంత సేపు, అంతే.

ఏదో ఫెళ్ళున విరిగింది. ఐమో బ్రేకు తొక్కాడు. బండి పక్కకి జారి, అంచున పేరుకున్న మంచుగుట్టకి ఆనుకుని ఆగింది.

హిల్కా తలుపు తీసుకుని వెనక్కి పరిగెత్తింది. పోస్టుపెట్టె కర్రతో సహా నేల మీద పడి ఉంది. దాని అవతల నడుము లోతు మంచులో వెన్లా. టోపీ లేదు, బడిసంచీ ఒక భుజానే వేలాడుతోంది. ఏడవడం లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని తాతయ్య వైపు చూస్తోంది.

"నేను దూకేశాను," అంది. తర్వాత, "తాతయ్యా, నేను కనబడలేదా? చెయ్యి ఊపాను కదా," అంది.

ఐమో బండికి ఆనుకుని నిలబడిపోయాడు. అంతలో సైమి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పరిగెత్తుకొచ్చింది. పిల్లని ఎత్తుకుని ఒళ్ళంతా తడిమి చూసి, తండ్రి వైపు తిరిగింది.

"ఏమైంది నాన్నా?"

"జారింది. మంచు."

సైమి రోడ్డు వైపు చూసింది. ముందు రోజు సాయంత్రమే బళ్ళు జారకుండా ఇసుక పోసి వెళ్ళారు. బండి దీపాల వెలుగులో ఆ ఇసుక గింజ గింజగా కనిపిస్తోంది. వెన్లాని ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మిగతా పిల్లల్ని దింపి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చారు. ఆ రెండు ప్రయాణాల్లోనూ హిల్కా కళ్ళు రోడ్డు మీది నుంచి ఒక్కసారి కూడా తిప్పలేదు.

మూడున్నరకి, అప్పటికే చీకటి పడ్డాక, సైమి వచ్చింది. ఆమె భర్త గనిలో పని, రెండేసి వారాలు ఇంటికి రాడు. పిల్లని పక్కింట్లో వదిలి వచ్చింది. కోటు విప్పలేదు. తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాన్నా, తాగుతున్నావా?"

ఐమో తల ఎత్తి చూశాడు.

"ఊళ్ళో ముసలివాళ్ళ ఇళ్ళకి రోజూ తిరిగి మందులిచ్చేదాన్ని నేను. పొద్దున్నే తాగేవాళ్ళని చూస్తూనే ఉంటాను. ఉంటే ఉందని చెప్పు. అరవను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

ఐమో కాదనలేదు. అవునని అనిపించుకుని ఊరుకోవడమే నయమని అతను అనుకుంటున్నాడని హిల్కాకి అర్థమైంది. కూతురి ముందు తాగుబోతుగా నిలబడటానికైనా సిద్ధపడ్డాడు, గుడ్డివాడిగా నిలబడలేడు.

"సైమీ, ఇటు రా. ఒక ఫొటో చూడు."

"ఇప్పుడు ఫొటోలేంటమ్మా?"

"చూడు ముందు."

కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ వెలుగు పరుచుకుంది. సైమి విసుగ్గా చూసింది. "బాగుంది. అయితే?"

"మీ నాన్న ఎటు చూస్తున్నాడో చూడు."

సైమి తెర దగ్గరికి వంగింది. ఇంకా వంగింది. తర్వాత నిటారుగా అయ్యి తండ్రి వైపు తిరిగింది. ఆమె గొంతు మారిపోయింది.

"చీకట్లో చూపు లేదా నాన్నా?"

ఐమో అవునన్నట్టు తల ఊపాడు.

"ఈ ఫొటో ఎప్పుడు తీశావమ్మా?"

హిల్కా ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తోంది. "అక్టోబరు పద్దెనిమిదిన."

సైమి మనసులో లెక్కపెట్టుకోవడం కనిపించింది. "ఏడు వారాలు. తెలిసీ ఏడు వారాలు నా బిడ్డని ఆ బండి ఎక్కించావు."

"నేను పక్కనే ఉన్నాను తల్లీ. ప్రతి అడుగూ చూసి చెబుతూనే ఉన్నాను..."

"ఈ పొద్దున్న ఏం చూస్తున్నావు?"

హిల్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అబద్ధం ఆడటానికి వీల్లేని చోటికి వచ్చేసింది. "ఆకాశం," అంది.

సైమి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"మీ అమ్మ వద్దనే అంది. నేనే బతిమాలాను," అన్నాడు ఐమో. కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఆ బండి లేకపోతే నేను ఎవర్ని సైమీ? ఊళ్ళో అందరూ చెయ్యి ఊపేది ఆ బండిని చూసి. రేపటి నుంచి నన్నూ కుర్చీలో కూర్చోబెడతారు. నువ్వు రోజూ మందులిచ్చే ఆ ముసలాళ్ళ లాగా."

"వాళ్ళలో ఒక్కరూ పిల్ల మీదికి బండి తోలలేదు నాన్నా," అంది సైమి.

ఆ మాట అని, చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె కారు దీపాలు కిటికీ మీద నుంచి జారిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

తర్వాత ఐమో ఫోను అందుకున్నాడు. హిల్కా తను మాట్లాడతానంది. వద్దన్నాడు. మొదట లైలా, ఇల్టాల తండ్రికి చేశాడు.

"ఐమోని మాట్లాడుతున్నాను. రేపటి నుంచి నేను బండి నడపను. చీకట్లో నాకు కళ్ళు కనబడవు. మూడు చలికాలాలుగా కనబడటం లేదు. మీకు ముందే చెప్పాలి. చెప్పలేదు."

అవతల నుంచి పెద్దగా అరుపులు వినిపించాయి. ఐమో ఫోను చెవి నుంచి తీయకుండా అంతా విన్నాడు. "అవును. మీరన్నది నిజమే," అని పెట్టేశాడు. పీటు తల్లి అంతా విని, "రేపు కాఫీకి రానా ఐమో?" అని అడిగింది. ఆ అరుపులకి చలించని ఐమో ఈ మాటకి కళ్ళు తుడుచుకున్నాడు. మూడో ఫోను మునిసిపాలిటీ ఆఫీసుకి. అక్కడ అప్పటికే ఎవరూ లేరు. సందేశాలు రికార్డు చేసే యంత్రంతో కూడా అదే మాట మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు.

రోవనియెమి నగరంలో కంటి డాక్టరు సగం రోజు పరీక్షలు చేసింది. నిదానంగా ముదిరే జబ్బు ఇది, రాత్రి చూపు తిరిగి రాదు, కాని ఎదురుగా ఉన్నది చూసే చూపు ఇంకా చాలా ఏళ్ళు నిలుస్తుంది అని చెప్పింది. చదవచ్చు, రాయచ్చు, పగలు పని చేసుకోవచ్చు. ఇది పిల్లలకి వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి కూతురిని కూడా చూపించుకోమని చెప్పండి అంది. తిరుగుదారిలో బస్సులోనే హిల్కా సైమికి ఫోనులో రాసి పంపింది. పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "నా కళ్ళు బాగున్నాయి. వెన్లావీ." అంతే. ఐమో ఆ ఫోను తీసుకుని ఆ రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివాడు.

కేలండరు ఆఫీసు నుంచి ఒకావిడ మళ్ళీ ఫోను చేసింది. "ఆ మనిషి వెలుగుని వదిలేసి చీకటి వైపు చూడటం, ఎంత లోతైన ఆలోచనండీ," అంది. హిల్కా వద్దని చెప్పబోతుంటే పక్క నుంచి ఐమో, "ఇచ్చెయ్యి. పాపం మా ఆయన వెలుగు వైపే చూస్తున్నాననుకున్నాడు అని కింద రాయమను," అన్నాడు. హిల్కా ఫోను మూతి చేత్తో మూసి నవ్వింది. చాలా రోజులకి ఆ ఇంట్లో నవ్వు వినబడింది. ఫొటో ఇచ్చేసింది. ఇప్పుడు మా ఇంట్లో కూడా గోడకి ఆ కేలండరే ఉంది.

పట్నం నుంచి వేరే డ్రైవరు వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళేవాడు. సైమి మాత్రం వెన్లాని తన కారులోనే దింపేది. మిగతావాళ్ళ కంటే ముందు బయల్దేరేది, తిరిగొచ్చి ఊళ్ళోకి పనికి వెళ్ళేటప్పుడు అమ్మా నాన్నల ఇంటి ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయేది. క్రిస్మసుకి వెన్లా చేత జున్ను, తీపి రొట్టె పంపించింది. తను రాలేదు.

జనవరిలో హిల్కా ఒక నిర్ణయానికి వచ్చింది. ఆమె దగ్గర లైసెన్సు ఉంది, కాని పందొమ్మిదేళ్లుగా బండి ముట్టుకోలేదు. "టాక్సీ పరీక్ష రాస్తాను," అంది.

"నువ్వా?"

"నేనే. వంద మంది పిల్లలకి అన్నం పెట్టినదాన్ని, నలుగురిని కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళలేనా?"

ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలు మాత్రమే నీలంగా వెలుతురు ఉంటుంది. ఆ రెండు గంటలూ ఇద్దరూ రోడ్డు మీదే గడిపేవాళ్ళు.

"క్లచ్చి, క్లచ్చి."

"అరవకు."

"అరవడం లేదు. చెబుతున్నాను."

"అరుస్తూ చెబుతున్నావు."

"సరే, మెల్లగా చెబుతాను వినుకో. ఈ దిబ్బ దిగాక కుడి వైపు నేలలోంచి నీళ్ళు ఊరతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ అద్దంలా నున్నగా ఉంటుంది. బ్రేకు మీద కాలు పెట్టకు. ఊరికే వదిలెయ్యి, అదే జారి అదే నిలబడుతుంది."

ఇరవై రెండేళ్ళు అతని ఒంట్లో పేరుకున్న దారంతా అలా కొంచెం కొంచెంగా ఆమెకి అప్పగించాడు. ఏ మలుపు దగ్గర కుక్క ఎదురొస్తుందో, ఏ మైదానంలో రెయిన్‌డీర్లు ఏ గాలికి రోడ్డు ఎక్కుతాయో అన్నీ చెప్పాడు. ఒకసారి ఆమె బండిని గుంటలో దించితే, "నేనైతే ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి..." అని మొదలుపెట్టి, గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు. పార తీసుకుని దిగి, మాట్లాడకుండా మంచు తవ్వాడు. ఫిబ్రవరి మూడో వారంలో హిల్కా పరీక్ష నెగ్గింది. వచ్చే సోమవారం నుంచి బడి బండి ఆమెది.

ఆ ముందు ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఆకాశం తెరుచుకుంది. హిల్కా చెరువు గట్టున కెమెరా పెట్టుకుని ఉంది. ఐమో వంటగదిలో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాడు. వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. తలుపు తీసుకుని వెన్లా, దాని వెనక సైమి వచ్చారు. రెండున్నర నెలల తర్వాత సైమి ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి.

"అమ్మ ఎక్కడ?"

"ఎక్కడుంటుంది, గట్టు మీదే."

సైమి అతని చేతిలోంచి కత్తి తీసి బల్ల మీద పెట్టింది. "కోటు వేసుకో నాన్నా."

"అక్కడ నాకేముందమ్మా?"

"వేసుకో ముందు."

వాకిట్లో ఆమె తన చెయ్యి అతని చెయ్యిలో దూర్చింది. ఐమో కొంచెం బిగుసుకుని, తర్వాత పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. కాళ్ళ కింద మంచు కరకరలాడుతుంటే సైమి తల వంచుకుని అంది. "ఆ రోజు నిన్ను ముసలాళ్ళతో పోల్చి ఒక మాటన్నాను."

"నిజమే కదా."

"నిజమే. అయినా అలా అనకూడదు. నా ముసలాళ్ళలో ఎవరినైనా అలా అంటే నేనూరుకోను."

హిల్కా వాళ్ళకి చోటిచ్చి పక్కకి జరిగింది. అప్పుడే తీసిన ఫొటో కెమెరా వెనక చిన్న తెర మీద వెలుగుతోంది. "ఐమో, ఇలా వంగి చూడు," అంది.

ఐమో వంగాడు. అరచేతుల్ని తెరకి రెండు పక్కలా అడ్డం పెట్టుకున్నాడు. అతని ముఖం మీద ఆకుపచ్చ వెలుగు పడింది.

"ఇది ఇప్పుడు పైన ఉందా?"

"ఇప్పుడే. ఎనిమిది సెకన్లు కూడా కాలేదు."

ఐమో చేతితొడుగు తీసేసి, వేలితో తెర మీద మెల్లగా గీశాడు. "ఇక్కడ మడత పడింది. దుప్పటి దులిపినట్టు. కింద అంచున గులాబీ రంగు." అతని వేలు ఆ అంచు దగ్గర ఆగింది. "మూడేళ్ళు వచ్చి బాగుంది, బాగుంది అన్నాను హిల్కా. ఏది బాగుందో తెలియకుండానే అన్నాను."

హిల్కా అతని వీపు మీద చెయ్యి వేసింది.

వెన్లా తెరనీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూస్తోంది. "అమ్మమ్మా, పైన గులాబీ రంగు ఎక్కడుంది? నాకు కనబడట్లేదే."

"మామూలు కంటికి కనబడదమ్మా. మనకి తెల్లగా, కాస్త పచ్చగా అనిపిస్తుంది. కెమెరా చాలాసేపు కన్ను తెరుచుకుని చూస్తుంది కాబట్టి పట్టుకుంటుంది."

ఐమో తల ఎత్తాడు. "అంటే ఈ గులాబీ రంగు మీకెవరికీ కనబడటం లేదా?"

"లేదు."

"సైమీ, నీకు?"

"లేదు నాన్నా."

"అరె, ఇన్నాళ్ళూ కనబడనిది నాకొక్కడికే అనుకున్నాను," అన్నాడు ఐమో.

ముందు సైమి నవ్వింది. నవ్వుతూనే అతని భుజానికి నుదురు ఆనించి ఏడ్చింది. ఐమో ఆమె టోపీ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. కాసేపటికి సైమి ముక్కు తుడుచుకుని తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, రేపు ఎన్నింటికి వస్తావు?"

"ఏడుంపావుకి."

"వెన్లా తయారుగా ఉంటుంది."

హిల్కా కెమెరా సరిచేస్తున్నట్టు అటు తిరిగింది.

"ఇంకోటి తియ్యి," అన్నాడు ఐమో.

ఆమె మీట నొక్కింది. మళ్ళీ తెర వెలిగేదాకా నలుగురూ ఆ చిన్న పెట్టె మీదికే తలలు వంచి ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఆ ఎనిమిది సెకన్లూ ఆకాశం వైపు ఎవరూ చూడలేదు.